కరాచీ నుంచి గురజాలకు విమానం

నేను విమానం ఎక్కానని తెలిసినప్పటి నుంచి ఈ తాలూకాలో నన్ను ఆ సంగతి అడగని మనిషి లేడు. సంతలో ఉల్లిపాయలు అమ్మే ఆమె అడిగింది. నరసరావుపేటలో ప్లీడరుగారి భార్య కుర్చీ వేసి మరీ అడిగింది. ఆసుపత్రిలో నొప్పులు పడుతూ కూడా ఒక బాలెంతరాలు కాబోయే పిల్ల, "కింద మనుషులు కనపడతారా సిస్టరమ్మా?" అంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. నోటి దురుసు మనిషినని పేరు కూడా ఉంది. అందుకని ఒక్కసారే రాసి పడేస్తున్నాను. విమానం ముచ్చట మాత్రమే కావలసినవాళ్ళు మొదటి రెండు భాగాలు చదివి ఆపేయండి. మిగతాది చదవడానికి అంత బాగుండదు.

నా పేరు ఎస్తేరు. యుద్ధం రోజుల్లో పటాలం ఆసుపత్రిలో నర్సుగా చేరాను. తిప్పి తిప్పి చివరికి కరాచీలో వేశారు. ఇప్పుడు ఆ ఊరు వేరే దేశంలోకి పోయింది. నేను చెప్పేది అంతకు ముందు మాట, యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం.

కరాచీ

కరాచీలో బళ్ళు లాగేవి ఒంటెలు. మన ఎద్దులకు గంటలు కట్టినట్టు వాళ్ళు ఒంటెల మోకాళ్ళకు గజ్జెలు కడతారు. చేపలు మన వంకాయల కంటే చవక. నీళ్ళు మాత్రం ఉప్పన. ఆ ఊళ్ళో మూడేళ్ళున్నా నాకు ఒక్క పూటా కడుపునిండా మంచినీళ్ళు తాగినట్టు అనిపించలేదు.

ఆ రోజు వార్డులో కట్లు మారుస్తుంటే తంతి వచ్చింది. మా బావ ఇచ్చాడు. రూతుకు చాలా జబ్బుగా ఉంది, వెంటనే రా అని.

రూతు మా అక్క. మా అమ్మ పోయేటప్పటికి నాకు పాలపళ్ళు కూడా ఊడలేదు. నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. నేను నర్సు చదువుకు పోతానంటే, పరాయి మగాళ్ళ ఒళ్ళు ముట్టుకునే ఉద్యోగమేందని పెద్దమనుషులు మా గుమ్మంలోకి వచ్చి పంచాయితీ పెట్టారు. మా అక్క చీపురు తిరగేసి, "మీకు జ్వరమొచ్చినప్పుడు ముట్టుకోకుండా మందు పోయమని చెప్తాలే" అంది. అటువంటి మనిషి. నాలుగు నెలలుగా ఉత్తరాల్లో కాళ్ళు వాస్తున్నాయని, పడుకుంటే ఊపిరాడక కూర్చుని తెల్లవారుస్తున్నానని రాస్తూ వచ్చింది. గుండె నీరసించిన మనిషి కాళ్ళ నుంచి నీరు పైకి ఎక్కుతుంది. ఎంతవరకు ఎక్కితే ఏమవుతుందో నాకు చదువులోనే చెప్పారు. తెలియకపోతే ఎంత బాగుండేది అనుకున్నాను.

రైల్లో పోతే కరాచీ నుంచి గుంటూరుకు, బళ్ళు మారి మారి, ఇంచుమించు వారం. మా పెద్ద నర్సమ్మ తెల్లామె. ఎప్పుడూ నవ్వని మనిషి. ఆవిడే నన్ను పిలిచి, బొంబాయికీ అక్కడి నుంచి హైదరాబాదుకూ విమానం ఉంది, దానిలో పో అంది. యుద్ధంలో కూడబెట్టిన జీతం ఉంది. అది ఇందుకు కాక ఇంకెందుకు? టిక్కెట్టు కొన్నాను. ఇంటికి తంతి కొట్టాను, రేపు విమానంలో బయలుదేరుతున్నానని. ఆ మాట వింటే అక్క నా కోసం ప్రాణం పట్టుకుని ఉంటుందని నా ఆశ.

విమానాల మైదానంలో మొదట పెట్టెను తూచారు. తరవాత నన్నూ ఎక్కమన్నారు. అంగట్లో మిరప బస్తాను తూచినట్టు తక్కెడ మీద నిలబెట్టి బరువు చూసి రాసుకున్నారు. పక్కన నిలబడ్డ దొరసాని తన బరువు ఎవరికీ వినపడకుండా చెప్పమని ఆ గుమాస్తాను బతిమాలుకుంది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

మబ్బుల పైన

ఇదిగో, మీరంతా అడిగింది. విమానం లోపల మన సర్వీసు బస్సంతే ఉంటుంది, ఒక దూలం లాగా పొడుగ్గా. ఇది యుద్ధంలో సామాన్లు మోసింది, తరవాత కుర్చీలు బిగించారు. చెవుల్లో పెట్టుకోవడానికి దూది, నోట్లో వేసుకోవడానికి పిప్పరమెంట్లు ఇచ్చారు. లేచేటప్పుడు కడుపు కిందనే ఉండిపోయినట్టు ఉంటుంది. ఆ తరవాత ఒకటే మోత. పిండిమర పక్కన పడుకున్నట్టు. మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఎండాకాలం కదా అని నేను పల్చటి చీర కట్టుకుంటే పైన చలి. కంబళి ఇచ్చారు. మబ్బులు చేతికి తగలవు. కిటికీ తెరవనివ్వరు. కింద మనుషులు కనపడరు. ఊళ్ళు కనపడతాయి, పుండు మీద కట్టిన చెక్కుల్లాగా. ఒకచోట నేలంతా తెల్లగా, మైళ్ళకు మైళ్ళు, ఉప్పు పర్ర. అంత నేలను ఒక్క మనిషి కూడా లేకుండా చూస్తే నాకు భయం వేసింది.

నా పక్కన ఒక పార్సీ ముసలాయన కూర్చున్నాడు. తల మీద నల్ల టోపీ, చేతికి గడియారం. ఆ గడియారం మాటిమాటికీ చూసుకుంటున్నాడు. పొద్దున కాఫీ కరాచీలో తాగి, మధ్యాహ్నం భోజనం బొంబాయిలో చేస్తామని నాకు హిందుస్థానీలో అరిచి చెప్పాడు.

"అంత తొందర పనేముంది బాబూ మీకు?" అన్నాను.

"ఇప్పుడేమీ లేదమ్మా," అన్నాడు. "పోయినేడు నా భార్యకు బొంబాయిలో జబ్బు చేసింది. విమానం ఖర్చు దండగని రైలెక్కాను. నేను దిగేటప్పటికి అంతా అయిపోయింది. అప్పటి నుంచి ఎటు పోయినా విమానమే."

ఆ మాట అని మళ్ళీ గడియారం చూసుకున్నాడు. ఆయన కోసం ఇప్పుడు ఎవరూ ఎదురు చూడటం లేదు, అయినా వేళకు చేరాలి. మా అక్క సంగతి ఆయనకు చెప్పాను. ఆయన తన పిప్పరమెంట్లు కూడా నా చేతిలో పెట్టి, "నువ్వు సరిగ్గా చేశావు, నువ్వు అందుకుంటావు" అన్నాడు. ఆ ముక్క నాకు ఆ పూటకు అన్నం పెట్టింది. బొంబాయిలో దిగేటప్పుడు ఆయన నాకంటే ముందు దిగి, గబగబా నాలుగడుగులు వేసి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

బొంబాయిలో ఆగిన రోజు

ఆ మధ్యాహ్నమే హైదరాబాదు విమానం. ఎక్కి కూర్చున్నాం. రెక్క మీది యంత్రం ఒకటి దగ్గి దగ్గి ఆగిపోయింది. దింపేశారు. రేపు అన్నారు. మర్నాడు పొద్దున వెళితే మధ్యాహ్నం అన్నారు. మధ్యాహ్నం వెళితే ఎల్లుండి అన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటు. వార్డులో డాక్టర్లను కసిరిన నోరు నాది, అక్కడ మాత్రం ఏం పలకలేదు. ఎగరలేని యంత్రంతో ఎవరు కొట్లాడతారు?

ఇంటికి మళ్ళీ తంతి కొట్టాను, బొంబాయిలో ఆగిపోయాను, ఆలస్యంగా వస్తానని. ఆ తంతి నేను ఇల్లు చేరిన మర్నాడు చేరింది. గురజాల తపాలా ఆఫీసు నుంచి మా ఊరికి కాగితం మోసుకొచ్చే మనిషికి ఆ వారం కూతురు పెళ్ళట. ఎవరిని అంటాం?

తంతి ఆఫీసు నుంచి బయటికొచ్చి ఇరానీ వాళ్ళ అంగట్లో టీ తాగాను. టీలో ముంచుకోమని వెన్న రాసిన రొట్టె ఇచ్చారు. అణా కూడా కాలేదు. పాలు బాగున్నాయి. రొట్టె సగం అక్కడే వదిలేశాను. ఎదురుగా ఒక మేడ కడుతున్నారు. తట్ట నెత్తిన పెట్టుకుని ఇటుకలు మోస్తున్న ఆడమనిషి ఒకామె నీళ్ళ కోసం అంగడి మెట్ల దాకా వచ్చింది. నేను నాలో నేను గొణుక్కుంటున్న తెలుగు ఆమె చెవిన పడింది.

"ఏ వూరు బిడ్డా నీది?" అంది.

ఆమెది పాలమూరు జిల్లా. పేరు బాలమ్మ. మా వాళ్ళు పొగాకు కొట్టడానికి పోయినట్టు వాళ్ళ ఊళ్ళన్నీ బొంబాయికి మట్టిపనికి వస్తాయట. నా కథ విని, తట్ట కింద పెట్టి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మా అమ్మ సచ్చిపోయిన సంగతి నాకు మూడు నెల్లకు తెల్సింది బిడ్డా. మా వూరాయన పనికొచ్చి జెప్పిండు. అప్పుడేడ్సిన. గా మూడు నెల్లు మా అమ్మ నాకు బతికే ఉండె. మంచిగనే ఉండె. జొన్నరొట్టె జేస్తుంటదనుకుంట నేనీడ ఇటుకలు మోసుకుంట ఉంటి."

"నీకు కోపం రాలేదా, అంత ఆలస్యంగా చెప్పినందుకు?"

"కోపమెందుకు? ఎంబడే జెప్తే ఎంబడే ఏడ్సేదాన్ని. పోయేటందుకు పైసల్ యాడివి?"

మేస్త్రీ కేకేశాడు. ఆమె తట్ట ఎత్తుకుని పోయింది. ఆమె మాట నాకు ఆ రోజు నచ్చలేదు. తెలియకపోవడం సుఖమన్న మనిషిని మొహం మీదే తిడతాను నేను, మామూలుగా. తరవాత చాలాసార్లు తలుచుకున్నాను.

బొగ్గు బస్సు

ఎట్టకేలకు ఎగిరాం. పొద్దెక్కకముందే హైదరాబాదులో దిగాం. బొంబాయి నుంచి హైదరాబాదు రావడానికి పట్టిన సేపు, మా ఊళ్ళో బియ్యం నానబోసి దంచేంత సేపు కూడా కాదు. ఆకాశం పని ఆకాశం చక్కగానే చేసింది. మిగతాది నేల చేసింది.

గుంటూరు మీదుగా చుట్టు తిరిగి రైల్లో పోయే కంటే, నల్గొండ దారిన మిర్యాలగూడెం పోయి వాడపల్లి రేవు దాటితే అవతల మా పల్నాడే. బస్సెక్కాను. పెట్రోలు కరువు వల్ల ఆ బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. వెనక ఒక పొయ్యి, దాన్ని విసిరే మనిషి ఒకడు. చిన్న మిట్ట వచ్చినా బస్సు ఆయాసపడేది. అందరినీ దిగి తొయ్యమనేవాడు డ్రైవరు. మబ్బుల పైన కంబళి కప్పుకుని కూర్చున్నదాన్ని అదే రోజు ఎండలో బస్సు తోశాను. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదల్లేదు.

అక్కడ మన రూపాయి చెల్లదు, నిజాముది హాలీ రూపాయి. మార్చుకోబోతే షావుకారు తన వాటా తగ్గించి ఇస్తాడు. నల్గొండలో బస్సు ఆగినప్పుడు ఒక ముసలమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు అమ్ముతోంది. మార్చుకున్నవి బస్సుకే సరిపోయాయి, నా చేతిలో మన డబ్బులే ఉన్నాయి. "ఉండనియ్ తల్లీ, తిను. మొకం పీక్కపోయింది" అని ఊరికే పెట్టింది. మా వైపు పచ్చిపులుసులో బెల్లం వేస్తారు. వాళ్ళు వెయ్యలేదు. ఉల్లిపాయ కాల్చి పిసికారు. అలాంటి పులుపు నేను ఏళ్ళ తరబడి తినలేదు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, పులుపుకే అనుకున్నాను.

మిర్యాలగూడెం చేరేటప్పటికి పొద్దు వాలింది. అక్కడ ఒక చర్చి అయ్యగారి ఇంట్లో తలదాచుకుని, తెల్లవారకముందే వాడపల్లి బండి ఎక్కాను.

వాడపల్లి రేవు

రేవు దగ్గర నిజాము సుంకపు చౌకీ. నా పెట్టె విప్పించారు. అందులో చీరలు, అక్క కోసం కొన్న కంబళి, మందుసీసాలు. మందులు అమ్మడానికి కాదు, మా అక్కకు అని నేను చెబుతుంటే ఒక జవాను సీసా మూత తీసి వాసన చూసి మొహం అదోలా పెట్టాడు. వాళ్ళ సాహెబు భోంచేసి వచ్చి సరే అనేదాకా ఎండలో కూర్చోబెట్టారు. అవతల ఒడ్డున మా నేల కనపడుతూనే ఉంది. కేక వేస్తే వినపడేంత దూరం. కరాచీలో ఉన్నప్పుడు కూడా మా ఊరు నాకు అంత దూరంగా అనిపించలేదు.

ఎండాకాలం కృష్ణ చిక్కిపోయి రాళ్ళ మధ్య పారుతోంది. పుట్టి ఎక్కాం, వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. అందులో నాతో పాటు దాచేపల్లి వైపు పోయే గాజులమ్మే ఆమె ఒకతె ఉంది. గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా యాస వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏవూరమ్మాయ్ మనది?" అంది ఆమె.

"గురజాల పక్కన."

"గురజాలా? అయితే నీకు తెలవదా? మొన్న ఇమానం పడిపోయింది గదా నల్లమల్లో! మీ వైపు అమ్మాయే అంట, నర్సమ్మంట. అక్కకి బాగలేదని వస్తా వస్తా, ఊరి మీదకొచ్చి, దిగే తావు లేక, అట్టా పోయి అడివిలో పడిందంట. ఎముకలు కూడా దొరకలేదంట పాపం."

పుట్టి నడిపేవాడు కూడా తల ఊపాడు. "చానామంది పోయారంట ఎతకటానికి," అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు.

"ఆ నర్సును నేనే," అన్నాను.

గాజులామె నా మొహం చూసింది. నా కాళ్ళ వంక చూసింది. గంప ఎత్తుకుని పుట్టిలో ఆ చివరికి జరిగింది. పుట్టి ఒక పక్కకు ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. "ఏయ్, కదలమాకండి!" అని పుట్టివాడు అరిచాడు. వాడు కూడా నా వైపు చూడటం మానేశాడు. అవతలి ఒడ్డున దిగాక నా చేతి నుంచి రేవు డబ్బులు తీసుకోలేదు.

నా చావు కబురు ఏరు దాటి ఎదురొచ్చిందంటే ఇంట్లో వినపడకుండా ఉంటుందా? అక్క గుండె ఎంత మోయగలదో నాకు తెలుసు. ఇంతసేపూ నేను జబ్బు కంటే ముందు చేరాలని తొందరపడ్డాను. ఇప్పుడు నా చావు కబురు కంటే ముందు చేరాలి. అది అప్పటికే చేరి, ఊరంతా తిరిగి, ఏటి దాకా వచ్చింది.

దాచేపల్లి దారి

పొందుగలలో ఒక ఒంటెద్దు బండి దొరికింది. నా పేరు చెప్పలేదు. అడిగినదానికంటే ఎక్కువ ఇస్తాను తోలమన్నాను. దాచేపల్లి దాటాం. నాపరాళ్ళ గనులు, ఎర్రటి చేలు, మిరప కల్లాల ఘాటు. ఆ ఘాటు ముక్కుకు తగిలితే మనిషి తుమ్ముతాడు. నాకు ఊరు చేరినట్టు ఉంటుంది ఎప్పుడూ. ఆ రోజు ఏమీ అనిపించలేదు. ఎద్దు తోక వంకే చూస్తూ కూర్చున్నాను.

ఊరు ఇంకా కనపడకముందే గంట వినిపించింది. మా పాలెం చర్చి గంటను ఆరాధనకు ఒక రకంగా కొడతారు, చావుకు ఒక రకంగా కొడతారు. చావు గంట ఒక్కొక్కటే, మధ్యలో చాలాసేపు ఆగి. ఇది చావు గంట.

అక్క పోయిందనుకున్నాను. మర్నిమిషం, కాదు, నా కోసమేమో అనుకున్నాను. నా కోసమే కావాలని దేవుణ్ణి వేడుకున్నాను. తన చావు గంట కావాలని మొక్కుకున్న మనిషి నేను కాక ఇంకొకరు ఉంటారా అని ఇప్పుడు అనిపిస్తుంది.

బండి చర్చి ముందు ఆగింది. లోపల మనుషులు నిండుగా ఉన్నారు. గుమ్మం దగ్గర చిన్న బావి ఉంది. వెంటనే లోపలికి పోయే ధైర్యం చాలక, ముందు ఆ నీళ్ళతో మొహం, చేతులు కడుక్కున్నాను. తరవాత గుమ్మంలో నిలబడ్డాను. అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. "మా సహోదరి ఎస్తేరు ఆత్మను" అన్నారు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. ఆయన చేతిలో పుస్తకం జారి కింద పడింది. ఆడవాళ్ళు అరిచారు. కొందరు కిటికీలోంచి దూకారు. మా బావ మాత్రం లేచి వచ్చి నా భుజాలు రెండూ పట్టుకుని ఊపాడు.

"అక్క?" అన్నాను.

"ఉంది. ఇంటికాడుంది," అన్నాడు. ఏడుస్తున్నాడు. "గంట కొట్టమంది అదే. నీ కోసం చేసే ప్రార్థన తను ఉండగానే ఇనాలంది. ఇంట్లోకి ఇనపడిద్దిగా."

చర్చి వెనక బీడు

ఏం జరిగిందో ఇంటికి పోయే దారిలో బావ, బడి పంతులు జకరయ్య మాస్టారు చెరొక ముక్క చెప్పారు.

నా మొదటి తంతి వచ్చిన రోజు పాలెంలో పండగే. మాస్టారు బళ్ళో గోడపటం మీద కరాచీ నుంచి గురజాలకు దారం పట్టి కొలిచారట. ఆ దారాన్ని పటం కింద ఉన్న కొలతతో పోల్చి, పత్రికలో చదివిన విమానం వేగంతో భాగించి, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం దాటకముందే వచ్చేస్తుందని తేల్చారట.

"లెక్క తప్పలేదమ్మా ఎస్తేరూ," అన్నారు మాస్టారు. "రెండుసార్లు చూశాను. లెక్క మాత్రం తప్పలేదు."

విమానం ఎక్కడ ఆగుతుందని ఎవరికీ సందేహం రాలేదు. మాచర్ల సర్వీసు బస్సు ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది. విమానం అంతకంటే గొప్పది గదా, ఆగకుండా ఎట్లా పోతుంది? యుద్ధంలో విమానాలు చేలల్లో కూడా దిగాయని పటాలం నుంచి తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. ఇంకేముంది, చర్చి వెనక బీడులో పాలెం పాలెమంతా దిగి రాళ్ళేరారు. ముళ్ళకంపలు నరికారు. పైనుంచి కనపడాలని తెల్ల పంచెలు నాలుగు పరిచి మూలలకు రాళ్ళు పెట్టారు. నేను దిగటం చూడాలని అక్క పట్టుబడితే మంచంతో సహా మోసుకొచ్చి వేపచెట్టు నీడలో వేశారు.

విమానం వచ్చింది. ఎవరిదో, ఎటు పోతోందో. అందరూ చేతులెత్తారు. మా అక్క, నాలుగు నెలలుగా చెయ్యి పైకెత్తలేని మనిషి, మంచం మీద లేచి కూర్చుని చెయ్యి ఊపిందట. విమానం ఆగలేదు. నల్లమల వైపు పోయింది. కొండల అవతల మోత ఆగిపోయింది. కాసేపటికి అడవిలో పొగ లేచింది. ఎండాకాలం అడవిలో ఎప్పుడూ ఏదో ఒక మంట ఉంటుంది. కానీ ఆ రోజు ఆ పొగకు ఒక్కటే అర్థం.

మర్నాటికీ నేను రాలేదు. రైలైతే ఆలస్యమైందనుకునేవాళ్ళు. బండైతే ఇరుసు విరిగిందనుకునేవాళ్ళు. విమానం ఆలస్యమవుతుందని ఎవరికి తెలుసు? అది వస్తుంది, లేకపోతే పడుతుంది.

ఇల్లు చేరాం. అక్క దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. నీరు పొట్ట దాకా, ఛాతీ దాకా ఎక్కింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి భయపడలేదు. అరవలేదు. మొహం విప్పారింది.

"వచ్చావటే ఎస్తేరూ?" అంది. "నాకోసం నిన్నే పంపించాడా దేవుడు?"

"లేదక్కా, నేను బతికే ఉన్నా. నేనెక్కింది ఆ ఇమానం కాదు. నాది బొంబాయిలో ఆగిపోయింది. ఇదిగో, నా చెయ్యి చూడు."

చెయ్యి పట్టుకుంది. "చల్లగుందే," అంది.

"బాయికాడ కడుక్కునొచ్చా."

"చచ్చినోళ్ళకి తాము చచ్చామని తెలవదంట. అమ్మ చెప్పేది. నువ్వప్పుడు పసిదానివి, నీకు గుర్తుండదు."

"నిజంగా బతికే ఉందే, పిచ్చిదానా!" అన్నాడు బావ వెనక నుంచి.

"ఆయన నాకోసం అట్టాగే అంటాడులే," అంది అక్క నాతో, రహస్యం చెబుతున్నట్టు.

ఆమె మణికట్టు నా వేళ్ళ కింద ఉంది. నాడి దొరికి దొరక్కుండా తప్పిపోతోంది. నా పెట్టెలో మందులున్నాయి. వాటితో ఇంక పని లేదని ఆ నాడే చెప్పింది. ఎంతో మంది మంచాల పక్కన కూర్చున్నాను, నేను పొరబడలేదు. మా అక్కతో ఎవరూ వాదించి గెలవలేదు ఏనాడూ. నేను గెలవాలంటే ఆమెకు మిగిలిన ఊపిరంతా అందులోనే ఖర్చయిపోతుంది. గెలిచి మాత్రం ఏం చెయ్యను? బతికి ఉన్న నన్ను వదిలి ఒక్కతే పొమ్మనడానికా?

"ఎస్తేరూ, పడ్డప్పుడు నొప్పి పుట్టిందా?"

బావ నా వంక చూశాడు. మాస్టారు గుమ్మంలో తల దించుకున్నారు.

"లేదక్కా."

"నిజం చెప్పు. చిన్నప్పుడు కాల్లో ముల్లు గుచ్చుకుంటేనే ఊరంతా ఇనపడేట్టు ఏడ్చేదానివి."

"నిజంగానే. ఏం నొప్పి లేదు."

అక్క కళ్ళు మూసుకుంది. కాసేపు ఊపిరి అందుకుంది. మళ్ళీ తెరిచి, ప్రయాణం ముందు పిల్లలు అడిగినట్టు అడిగింది.

"ఎంతసేపు పట్టుద్ది?"

"ఎంతోసేపు పట్టదక్కా," అన్నాను. "నా చెయ్యి వదలమాకు."

అక్క వదల్లేదు. దీపాలు పెట్టే వేళకు నేనే ఆ చేతిలోంచి నా చెయ్యి విడిపించుకున్నాను.